ఇంట్లో తినేవాళ్ళు ఎంతమంది

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్ళు సగంలో ఆగి నా మొహంలోకి అదోలా చూస్తారు. పార్వతీపురంలో పుట్టి పెరిగాను. విశాఖపట్నంలో ఎకనామిక్స్ చదివాను. ఇన్నేళ్ళూ అంకెలే నాకు అన్నం పెట్టాయి. అయినా ఇప్పటికీ ఏదైనా పట్టికలో లెక్క కుదరక కాస్త తేడా మిగిలిపోతే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నా దగ్గర పనిచేసే పిల్లలు దాన్ని ఎర్రర్ అని తీసి అవతల పడేస్తారు. వాళ్ళ తప్పేం లేదు, చదువులో అలాగే నేర్పుతారు. నాకు మాత్రం చెయ్యి రాదు. ఆ తేడాలో ఎవరో కూర్చుని నా వైపు చూస్తున్నట్టు ఉంటుంది.

ఈ జబ్బు నాకు పట్టుకున్నది తొంభైల చివర్లో, అరకులో.

అరకు నుంచి పాడేరు మీదుగా పెదబయలు వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకా పైకి పోతే గెడ్డలకి అవతల చిన్న చిన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. వానలు పడి గెడ్డలు పొంగితే ఆ ఊళ్ళు తెగిపోతాయి. జీపు సంగతి సరే, కావిడి మోసే మనిషి కూడా దాటలేడు. సరిగ్గా అప్పుడే ఇళ్ళలో గింజలు నిండుకుంటాయి. చోళ్ళు అని పిలిచే రాగులూ, సామలూ పాతవి అయిపోతాయి, కొత్తవి ఇంకా చేను మీద పచ్చగా ఉంటాయి. బియ్యం ఇచ్చే డిపో ఏమో గెడ్డకి ఇవతల ఉంటుంది. అందుకని వానలకి ముందే బియ్యం పైకి ఎక్కించి, ఆ ఊళ్ళోనే నిల్వ పెట్టి పంచుదామని ఒక ప్రాజెక్టు పెట్టారు. మంచి ఆలోచనే. కాకపోతే అన్ని ఊళ్ళకీ చాలినన్ని లారీలూ లేవు, చాలినంత బియ్యమూ లేదు. ఏ ఊళ్ళో గింజలు ముందుగా అయిపోతాయో ఎండాకాలంలోనే ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పే పని మా సారుకి అప్పగించారు. ఆయన కింద నేను.

సారు హైదరాబాదు నుంచి వచ్చినవాడు. లెక్కల్లో దిట్ట, మనిషి నెమ్మది, కోపం అసలు రాదు. ఆయనకి రావలసిన కోపం కూడా నాకే వచ్చేది. వానెప్పుడొస్తుందో చెప్పడానికి ఒక శాఖ ఉన్నప్పుడు ఆకలి ఎప్పుడొస్తుందో చెప్పడానికి మనం ఉండకూడదా అని చేరిన మొదటి రోజే అన్నాడు. ఆ మాటకి నేను పడిపోయాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో అలాంటి మాటలకి పడిపోవడం తేలిక.

మోడల్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఇంట్లో గింజలెన్ని, తినే నోళ్ళెన్ని, పోడు ఎంత కొట్టారు, పసుపుగానీ కాఫీగానీ ఉన్నాయా, సంత ఎంత దూరం. ఇవన్నీ ప్రతి ఇంట్లో అడుగుతాం. నిరుడు గింజలు ఏ నెలలో అయిపోయాయో అదీ అడుగుతాం. మొదటివాటికీ చివరిదానికీ ఉన్న సంబంధం కంప్యూటర్ పట్టుకుంటుంది. ఆ సంబంధం దొరికితే ఈ ఏడాది సంగతి ముందే చెప్పొచ్చు. చెప్పడానికి ఇంత సులువు. అరకులో మా అద్దె ఇంట్లో కరెంటు ఉన్నప్పుడు కంప్యూటర్ పలికేది కాదు, కంప్యూటర్ పలికినప్పుడు కరెంటు ఉండేది కాదు.

ఊళ్ళు తిరగడం నా వంతు. అలా తిరిగినవాటిలో ఒక ఊరు గురించే ఇదంతా. పేరు రాయను. గెడ్డ దాటి నిలువుగా ఎక్కాలి. ఎక్కాక పనస చెట్లూ, వాటి కింద గడ్డికప్పు ఇళ్ళూ. చివరి ఇల్లు ఒక ముసలామెది. చెవుల నిండా పోగులు, నోట్లో ఎప్పుడూ చుట్ట. మొదటిసారి చూడగానే నన్ను పైనుంచి కింద దాకా చూసి, గుంటకి అన్నం పెట్టీవోళ్ళు ఎవులూ లేరేటి, ఇలగ తిరగతంది అని పక్కింటామెతో అంది. నేను అక్కడే ఉన్నానన్న మొహమాటం ఏమీ లేదు. నేను అవ్వా అని పిలిచాను, ఆమె నన్ను గుంటా, అంటే పిల్లా, అనే పిలిచింది, చివరి దాకా అదే పిలుపు.

ఇంట్లో తినేవాళ్ళు ఎంతమంది అని అడిగితే ముగ్గురం అంది. మిగతా ఇద్దరూ పోడు మీదకి పోయి ఉంటారనుకుని రాసుకున్నాను.

ఆ ఊరి లెక్కలు కంప్యూటర్‌లో పెడితే సారు ముచ్చటపడిపోయాడు. మోడల్ చెప్పిన నెలా, వాళ్ళు చెప్పిన నెలా దాదాపు ప్రతి ఇంట్లోనూ కలిసిపోయాయి. ఆ చుట్టుపక్కల ఇంకో రెండు మూడు ఊళ్ళలోనూ అంతే. కొత్తగా కట్టిన మోడల్ ఇంత బాగా పలకడం నేనెక్కడా చూడలేదు అన్నాడు. ఆ ఊరు బియ్యం ఎక్కించాల్సిన లిస్టులో పైకి వచ్చింది.

ఒకటి రెండు వివరాలు మిగిలిపోయాయని నేను మళ్ళీ వెళ్ళాను. వెళ్ళేసరికి అవ్వ వంట దించుతోంది. తిని పొమ్మంది. అడ్డాకులు పరిచింది. నాకొకటి, ఆమెకొకటి, లోపలి గోడ వారగా ఇంకో రెండు. చోడన్నం ముందు ఆ రెండింటిలోనే పెట్టింది, కొంచెం కొంచెం. ఎవరొస్తారవ్వా అని అడిగాను.

"వచ్చీదేటి? ఉన్నారు గదా" అంది.

పెనిమిటి పోయి చాలా ఏళ్ళయింది. ఒక్క కొడుకు, వాడు జ్వరంతో పోయాడు. కోడలు పుట్టింటికి పోయి మారుమనువు చేసుకుంది. అవ్వ ఇదంతా మామూలుగా చెప్పింది, తింటూ. వాళ్ళకి ఇంకా పెద్దదినం చెయ్యలేదు. మా ఊళ్ళలో పదకొండో రోజుతోనో పన్నెండో రోజుతోనో అయిపోయే పని వీళ్ళకి అలా అవదు. దున్నపోతుని కొట్టాలి, ఊరందరికీ, పై ఊళ్ళ చుట్టాలకీ బియ్యం వండి పెట్టాలి, డప్పులు కొట్టి పోయినవాణ్ణి పెద్దలలో కలిపి రావాలి. అప్పుడు గానీ వాడు ఇల్లు విడవడు. అంతవరకూ వాడు ఇంటి మనిషే, ఇంట్లోనే ఉంటాడు, వాడికి ముద్ద పెట్టాలి. తాహతు కుదరక కొన్ని ఇళ్ళలో అలా ఏళ్ళ తరబడి ఉండిపోతారు. తినేవాళ్ళు ఎంతమంది అని నేను అడిగాను, ఆమె చెప్పింది. అబద్ధమాడలేదు.

నాకు తిక్క రేగింది. ఆమె మీద కాదు, నా మీదా కాదు, ఎవరి మీదో తెలీదు. ఆ పూటంతా ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ అడిగాను. నీ ఇంట్లో ఊపిరి పీల్చేవాళ్ళు ఎంతమంది అని అడిగిన ఇల్లు కూడా ఉంది. చాలా ఇళ్ళలో ఒకరో ఇద్దరో ఎక్కువ తేలారు. అందరూ గోడ వారగా కూర్చుని తినేవాళ్ళే. కొండ దిగుతుంటే ఆ ఊళ్ళో నేను చూడనివాళ్ళు చూసినవాళ్ళతో సమానంగా ఉన్నారేమోననిపించి, తెలియకుండానే అడుగులు పెద్దవి చేశాను. పట్టపగలే భయమేసింది. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

సారుతో చెబితే మొదట నవ్వాడు, తర్వాత మొహం మాడ్చుకున్నాడు. ఆ రోజుల్లో దొంగ రేషన్ కార్డుల వేట జోరుగా ఉంది. చనిపోయినవాళ్ళ పేర్లు లెక్కలో ఉన్నాయని పైవాళ్ళకి తెలిస్తే ఊరు ఊరంతా దొంగలని రాసేస్తారు, వెంటనే తీసెయ్యమన్నాడు. తీశాను. ఒక్కొక్క ఇంటి వరుస తెరవడం, అంకె తగ్గించడం, మూసెయ్యడం. బయట మంచు కిటికీ దాకా వచ్చి నిలబడింది. అవ్వ ఇంటి దగ్గరికి వచ్చేసరికి ముగ్గురిని ఒకటి చెయ్యాలి. ఆ ఒక్క మీట నొక్కడానికి చాలాసేపు పట్టింది. ఆ కొడుకు ఎలా ఉండేవాడో నాకు తెలీదు. కూర్చునే చోటు మాత్రం తెలుసు.

అందరినీ తీసేశాక మోడల్ చెడిపోయింది. నోళ్ళు తగ్గాయి కాబట్టి గింజలు ఎక్కువ రోజులు వస్తాయని చెప్పింది. ఊళ్ళోవాళ్ళేమో ఆషాఢంలోనే అయిపోయాయంటున్నారు. పోయినవాళ్ళు ఉన్నప్పుడు కుదిరిన లెక్క వాళ్ళు లేకపోతే కుదరడం లేదు. సారు కుర్చీలో వెనక్కి వాలి, చచ్చినవాళ్ళు ముద్ద ముట్టరు కదమ్మా, మరి ఆ గింజలు ఎవరు తింటున్నారు అని అడిగాడు. తమాషాకి అన్నాడు గానీ, నేను ఆ ఊరి కాగితాలు మళ్ళీ మొదటినుంచీ తిరగేశాను.

దాని మర్మం తెలియడానికి నాకు వారం పైనే పట్టింది. సంతలో ఒక పెద్దాయన తన తండ్రికి దినం చేసిన సంగతి గొప్పగా చెబుతుంటే తట్టింది. ఏ ఇంటికైనా ఒక్క ఏడాది పంట మిగిలితే వాళ్ళు చేసే మొదటి పని పోయినవాళ్ళని సాగనంపడం. బట్టలు కాదు, ఇంటి కప్పు కాదు, అది. అంటే మనిషి ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయాడంటే, ఆ ఇంటికి అన్నేళ్ళలో ఒక్కసారీ మిగలలేదని అర్థం. గాదెలో గింజలు ఆ రోజు సంగతే చెబుతాయి. గోడ వారగా కూర్చున్న మనిషి చాలా ఏళ్ళ సంగతి చెబుతాడు. ఆకలి ఎక్కడ రాబోతుందో వాళ్ళని మించి చెప్పగలిగేది మా దగ్గర ఇంకేదీ లేదు.

ఇది సారుకి చెప్పినప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. అయితే మన మోడల్లో దయ్యాలు ఉండాల్సిందేనంటావు అన్నాడు. ఉండాల్సిందే అన్నాను. బతికున్నవాళ్ళని ఒక గడిలో, పోయినవాళ్ళని వేరే గడిలో పెట్టాం. లెక్క మళ్ళీ కుదిరింది. ఫైల్లో ఆ గడికి ఏం పేరు పెట్టాలన్నది ఒక పెద్ద తలనొప్పి. చివరికి సారు వాయిదా పడిన కుటుంబ బాధ్యత అని పెట్టాడు. ఆ పేరు చూసి పైవాళ్ళు చాలా సంతోషించారట.

ఆ ఏడాది వానలకి ముందు ఆ ఊరికి బియ్యం ఎక్కింది. గెడ్డ దాకా లారీలో, అక్కణ్ణుంచి మనుషుల భుజాల మీద. నేనూ వెంట వెళ్ళాను. ప్రతి ఇంటికీ వానాకాలానికి సరిపడా ఒకేసారి ఇచ్చేశారు, మధ్యలో ఎవరూ ఎక్కలేరు కాబట్టి. అవ్వ తన వాటా బియ్యాన్ని దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. నీ మాట ఇన్నారన్నమాటే గుంటా అంది. నేను గాల్లో తేలుతూ కిందికి దిగాను. ఈ ముసలామె ఈ వానలు గట్టెక్కుతుంది, నా లెక్క వల్ల గట్టెక్కుతుంది. ఆ రోజంత సంతోషం నాకు ఉద్యోగంలో మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది, మళ్ళీ సర్వే. అవ్వ ఇల్లు అలికి ముగ్గు పెట్టి ఉంది. మనిషి చిక్కింది గానీ మొహం తేటగా ఉంది. తినేవాళ్ళు ఎంతమంది అని అడగడానికి నేను నోరు తెరవకముందే, ఒక్కదాన్నే అని చెప్పింది. ఏదో పెద్ద పని చేసి వచ్చినట్టు చెప్పింది.

బియ్యం అందిన వారంలోనే దినం చేసేశారు. ఒక్క అవ్వ కాదు, ఊరందరూ కలిసి. విడివిడిగా చెయ్యడానికి ఏ ఇంటికీ తాహతు లేదు. ఇప్పుడు అందరి దగ్గరా ఒకేసారి బియ్యం ఉంది. పసుపు అమ్మి ఒక దున్నపోతుని తెచ్చి, బియ్యం అంతా ఒకచోట పోసి, చుట్టాలని పిలిచి, ఊళ్ళో ఎన్నేళ్ళనుంచో ఉండిపోయినవాళ్ళందరినీ ఒక్క ఊపున సాగనంపారు. అలాంటి దినం ఈ కొండల మీద ఎవులూ సూళ్ళేదు అని పక్కింటామె కళ్ళు పెద్దవి చేసి చెప్పింది. మరి వానల్లో ఏం తిన్నారని అడిగాను. ఎప్పుడూ తినేవే. మామిడి టెంకల పిండితో అంబలి, అడవి దుంపలు, ఆకులు. ఆ ఏడాది దుంపలు బాగానే ఊరాయి, అందుకని గట్టెక్కారు.

నేను ఇల్లిల్లూ తిరిగాను. అన్ని ఇళ్ళలోనూ ఉన్నవాళ్ళే ఉన్నారు. గోడల వారన ఎవరూ లేరు. నిరుడు భయపడ్డదాన్ని, ఈసారి వాళ్ళు లేరని దిగులేసింది. ఏం జరగబోతోందో నాకు కొండ మీదే అర్థమైపోయింది.

అరకు వచ్చి లెక్క వేశాం. ఆ ఊరు లిస్టులో అట్టడుగుకి జారిపోయింది. వాయిదా పడిన బాధ్యతలు లేవు, అంటే ఆ ఇళ్ళకి నిరుడు మిగిలిందని మోడల్‌కి అర్థం. మిగిలిన ఇల్లు ఆకలితో ఉండదు. అది నేర్చుకున్నది అదే, మేం నేర్పినది అదే.

సారుకి విడమర్చి చెప్పే పని పడలేదు. ఇది పుస్తకాల్లో ఉన్న జబ్బే అన్నాడు. మనం మందిస్తే రోగి మారతాడు, మనం మాత్రం పాత రోగిని చూసి కట్టిన లెక్కతో కొత్త రోగిని చూస్తాం. అంత బాగా తెలిసినవాడికి ఆ ఊరిని లిస్టులో పెట్టడానికి ఏం అడ్డమొచ్చిందని నేను గట్టిగానే అడిగాను. అప్పటికే లిస్టు మోడల్ చెప్పినట్టే ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చేసింది. ఎమ్మెల్యేల సిఫార్సులు ఆపడానికి ఆ ఉత్తర్వు వేయించింది సారే. "ఒక్క ఊరికి మినహాయింపు ఇస్తే అది మోడల్ కాదమ్మా, సిఫార్సు" అన్నాడు. అయినా ఉత్తరం రాశాడు. నేనూ రాశాను. రెంటికీ జవాబు రాలేదు. తప్పు ఎవరిదో తేల్చడానికి నేనిది రాయడం లేదు. ఎన్నిసార్లు వెతికినా నాకు తప్పు దొరకలేదు, అదే నన్ను పట్టుకుని వదలనిది. దొరికి ఉంటే ఎవరినో ఒకరిని తిట్టుకుని నిద్రపోయేదాన్ని.

వానలకి ముందు నేనే వెళ్ళి చెప్పాను. ఈ ఏడు బియ్యం రావవ్వా అన్నాను. ఎందుకేటి అని అడిగింది. చెప్పాను, చెప్పగలిగినంత. మీవాళ్ళని పంపించేశారు కాబట్టి మీరు బాగున్నారని మా లెక్కలో తేలిందన్నాను. ఆమె నవ్వింది. బాగానే ఉన్నాను గదేటి అంది. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది. సగం బియ్యమన్నా దాచుకోలేకపోయావా, నిరుడు దుంపలు ఊరాయి సరే, ఈ ఏడు ఊరకపోతే ఏం చేస్తావు, ఇన్నేళ్ళు ఆగినవాళ్ళు ఇంకో ఏడాది ఆగలేరా అని అరిచాను. అరిచినందుకు ఆమె ఏమీ అనుకోలేదు. చుట్ట పక్కన పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"ఆకలికి నాను సావచ్చు, సావకపోవచ్చు. నాను పోతే ఆళ్ళకెవులు ముద్ద పెడతారు గుంటా? ఆళ్ళు మరి ఎప్పుటికీ పస్తే గదా. బియ్యం మళ్ళీ వత్తాయో రావో. వచ్చినప్పుడే సేసీసినాను."

రాబోయే కష్టాలని తూచి చెప్పడం నా ఉద్యోగం. ఆమె కూడా అదే చేసింది, తన తక్కెడలో. నా తక్కెడలో ఒక వానాకాలం ఉంది. ఆమె తక్కెడలో తన తర్వాత వచ్చే కాలమంతా ఉంది. ఏది బరువో నేనిప్పటికీ తేల్చలేను. అప్పుడు మాత్రం నోటికొచ్చింది అడిగేశాను, మరి నీకు దినం ఎవరు చేస్తారని. ఏమో మరి అంది. తర్వాత కోళ్ళని గూట్లోకి తోలడానికి లేచింది.

పెదబయలు సంతలో నేనొక బస్తా బియ్యం కొని పైకి పంపించాను. అందింది. ఒక్కదాన్నే ఎలగ తింటానని ఊళ్ళో పిల్లలున్న ఇళ్ళకి కొలిచి పంచేసిందని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది వానలు ముందే దిగాయి, ఆగకుండా పడ్డాయి. అరకులో మా ఇంటి కప్పు మీద చప్పుడు ఆగితే చాలు, నాకు మెలకువ వచ్చేసేది. ఊరి వైపు నుంచి ఏ కబురూ లేదు. గెడ్డ అవతల నుంచి కబురు రావడానికి కూడా దారి ఉండదు కదా. మోడల్‌ని మాత్రం చాలామంది మెచ్చుకున్నారు. లిస్టులో పైనున్న ఊళ్ళలో ఎక్కడా ఇబ్బంది రాలేదు.

ఆ తర్వాత ప్రాజెక్టు అయిపోయింది. రెండు వేల సంవత్సరం దాటాక నేను హైదరాబాదు వెళ్ళిపోయాను. ఆ మోడల్ చేతులు మారి మారి ఇంకెక్కడెక్కడికో పోయింది, వానలే సరిగా పడని జిల్లాలకి కూడా. ఒకసారి ఒక మీటింగులో ఎవరో తెర మీద వేసి చూపించారు. వాయిదా పడిన కుటుంబ బాధ్యత అన్న గడి ఇంకా ఉంది. కింద వరసగా అన్నీ సున్నాలు. అది ఏమిటని ఒక అమ్మాయి అడిగితే, పాత మోడల్ నుంచి వచ్చింది, వాడం, తీస్తే లెక్క చెడుతుందేమోనని ఉంచేశామని ఆ చూపిస్తున్నవాడు అన్నాడు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆ సున్నాల వెనక ఎవరున్నారో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు, దాన్ని చెప్పే భాష నా దగ్గర లేదు.

ఇది ముందుకు పోయిన కథ. అసలు చెప్పాల్సింది బియ్యం ఎక్కని ఆ ఏటి దసరా సంగతి. వానలు తగ్గి, గెడ్డ దిగి, వలిసె చేలు అక్కడక్కడా పసుప్పచ్చగా పూస్తున్నాయి. ఎవరూ పంపకుండానే వెళ్ళాను. ఎక్కుతున్నంతసేపూ చుట్ట వాసన వస్తుందేమోనని చూశాను. అవ్వ ఇంటి కప్పు ఒక వైపు కుంగి ఉంది. తలుపు లేదు. ఎవరో వంటచెరుకుకి తీసుకుపోయి ఉంటారు, తీసుకుపోవడం మంచిదే.

పక్కింటామె, ఆ దినం గురించి కళ్ళు పెద్దవి చేసి చెప్పినామె, చేటలో చోళ్ళు చెరుగుతోంది. కొత్త పంట అప్పుడే కొంచెం చేతికి వచ్చింది. నన్ను చూసి కూర్చోమంది. శ్రావణం పోయాక జ్వరం వచ్చిందట. గెడ్డ దాటించడానికి కుదరలేదు. ఆ ఏడు దుంపలు కుళ్ళిపోయాయి, టెంకల పిండీ ముందే అయిపోయింది. మనిషిలో ఏమీ లేదమ్మా జ్వరం పట్టుకోడానికి అంది. ఆకలి అనలేదు. కాగితాల్లోనూ జ్వరమనే రాసి ఉంటుంది. జ్వరం మా శాఖ కాదు. ఆ ఊరి వరుసలో ఆ ఏడాదికి మోడల్ చెప్పిందేదీ తప్పలేదు.

నాకు దుఃఖం తన్నుకొచ్చింది. ఏడిస్తే వాళ్ళు నన్ను ఓదార్చాల్సి వస్తుందని పళ్ళు బిగపట్టి కూర్చున్నాను. కాసేపటికి, దినం సంగతి ఏమిటని అడిగాను. నేను బియ్యం తెస్తాను, ఎంత కావాలన్నా తెస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. బయటివాళ్ళ బియ్యంతో చేస్తే చెల్లదు. ఆ ఇంటి పొయ్యి మీద, ఆ ఇంటివాళ్ళు వండాలి. ఆ ఇంట్లో ఎవరున్నారు?

అయితే ఆవిడ ఎక్కడుంటుంది అని అడిగాను. నేనలా అడగడం నాకే వినపడింది. నమ్మని మనిషిని, ఎకనామిక్స్ చదివిన మనిషిని, చనిపోయినామె ఎక్కడుంటుందని అడుగుతున్నాను.

"మా ఇంట్లోనే ఉంటంది. ఎవులూ లేనోళ్ళని ఒగ్గేత్తామేటి?" అంది.

ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. పోడు చారెడు. చేటలో ఉన్న చోళ్ళు పది రోజులకి కూడా రావు. ఇంకొకరిని చేర్చుకున్నామని ఆమె గొప్పగా చెప్పలేదు, బాధగానూ చెప్పలేదు. తింటోందా అని అడిగాను.

ఆమె చెరగడం ఆపింది.

"వానల్లో పెట్టడానికే మా కాడ ఏటీ లేకపోనాది. ఇప్పుడు తింటంది."